మెరీబా నీళ్ళు

గని కాలనీలో నల్లాలు ఎండిపోయి నెల దాటింది. మోటారు కాలిపోయిందన్నదే నీళ్ళ కాంట్రాక్టరు లింగమూర్తి పాట. ఆయన ఫంక్షన్ హాలుకు మాత్రం ట్యాంకర్లు పోతూనే ఉన్నాయి. జ్యోతిరాణి తల్లి నాగవ్వ వాగు నుంచి బిందె మోసుకొస్తూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు వేయించుకొచ్చిన నాడే లింగమూర్తి గేటు ముందు ఖాళీ బిందెతో కూర్చుంది. కాలనీ ఆడవాళ్ళంతా వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

ఆదివారం చర్చిలో పాస్టర్ ప్రేమ్‌సాగర్ నిర్గమకాండం తెరిచాడు. చర్చికి శ్లాబు పోయించిన లింగమూర్తి ముందు వరుసలో, కుర్చీలో ఉన్నాడు.

"అరణ్యంలో నీళ్ళు లేవని ఇశ్రాయేలీయులు మోషే మీద సణిగారు. అందుకే మోషే ఆ చోటుకు మెరీబా అని పేరు పెట్టాడు. హెబ్రీలో 'రీబ్' అనే మాట నుంచి వచ్చింది. అంటే జగడం, వ్యాజ్యం! ఇన్ని వేల ఏండ్లయినా ఆ చెడ్డపేరు పోలేదు. మన కాలనీని మెరీబా చేసేవాళ్ళు ఇక్కడే కూర్చున్నారు."

నాగవ్వ కట్టు చేతిని కొంగు చాటుకు లాక్కుంది. అది చూసేసరికి జ్యోతిరాణికి ఒళ్ళు మండిపోయింది. సండే స్కూలు పిల్లలకు ఆ కథ చెప్పేది ఆమే. లేచి నిలబడింది.

"అయ్యగారూ, కథ సగంల ఆపితిరేంది?"

"కూర్చో సిస్టర్. ప్రసంగం నడుస్తున్నది."

"కూసుంట. గాళ్ళు నీళ్ళడిగితే దేవుడేం జేసిండో జర జెప్పుండ్రి. నోర్మూసుకోమన్నడా? బండను కొట్టుమన్నడు. నీళ్ళొచ్చినయి. పిల్లలు తాగిండ్రు, గొడ్లు తాగినయి. దూప తీరినంకనే గదా పేరు పెట్టింది! జగడమాడినోళ్ళకు దేవుడు నీళ్ళిచ్చిండు. మీరేమో నీళ్ళియ్యనోనికి ముందల కుర్చీ ఏసిండ్రు!"

లింగమూర్తి దిగ్గున లేచాడు. "నా శ్లాబు కింద నిలవడి నన్నే అంటున్నవా?"

"గట్లనా? నీ శ్లాబు నువ్వే ఉంచుకో."

తల్లి రెక్క పట్టుకుని బయటికి నడిచింది. వెనక ఎవరైనా వస్తున్నారా అని చూడలేదు. గేటు దాటాక చెప్పుల చప్పుడు వినిపించింది. సగం మంది ఆడవాళ్ళు వచ్చేశారు. ఇళ్ళకు పోయి బిందెలు తీసుకుని, తిన్నగా ఫంక్షన్ హాలు దారిన పోయారు. అప్పుడే వచ్చిన ట్యాంకరుకు అడ్డం నిలబడ్డారు. డ్రైవర్ కొమురెల్లి పరేషానై కిందికి దిగాడు.

"నన్నేం జెయ్యమంటరక్కా?"

"పైపు ఇప్పు."

ఖాళీ బిందెల వరుస చూసి అతను పైపు విప్పాడు.

కాలిపోయిన మోటారు మంగళవారానికల్లా బాగైంది. దాన్ని విప్పినవాళ్ళను గానీ, తీగ చుట్టినవాళ్ళను గానీ కాలనీలో ఎవరూ చూడలేదు. సండే స్కూలు మాత్రం జ్యోతిరాణికి పోయింది. మాఫీ అడిగితే మళ్ళీ రావచ్చని పాస్టర్ కబురు పంపాడు.

"ఒక్కమాట అని రారాదు బిడ్డా, పిల్లలు నీకోసం అడుగుతుండ్రు," అంది నాగవ్వ.

పిల్లల మాట వినగానే జ్యోతిరాణి చర్చి దారి వైపు చూసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళడిగినందుకు మాఫీ అడగాల్నా అవ్వా? సచ్చినా అడగ."