నోటి తడి తాగి బతికిన పీక

నేను ఒక సన్నాయి పీకను. ఊపిరి ఊదే చోట తొడిగే రెల్లు ముక్కను. నన్ను ఉడకబెట్టి, ఎండబెట్టి, దారంతో బిగించిన పనివాడు ఒక్కసారి ఊది చూసి, "ఇది మహా గయ్యాళి" అని మెచ్చుకున్నాడు. నా తిండి మనిషి ఉమ్మి. మొహం చిట్లించకండి. పెళ్ళిళ్ళలో మంగళవాద్యమంటూ మీరు చెవులప్పగించేది ఆ ఉమ్మికే.

తెనాలి దగ్గర సన్నాయి గురవయ్య నన్ను కొన్నాడు. వాయించే ముందు బుగ్గన పెట్టుకుని నానబెట్టేవాడు. తడి లేకపోతే నేను పలకను. తడి ఎక్కువైనా చిక్కే. ఎదురుగా ఎవరైనా చింతకాయ తింటే చాలు, ఆయన నోట్లో నీళ్ళూరి నేను గుడగుడలాడతాను. పెళ్ళిపందిట్లో ఆకతాయిలు సరిగ్గా అదే పని చేస్తే, ఆయన వాద్యం ఆపి వాళ్ళ వెంటపడేవాడు. ఇంట్లో భార్య పేరమ్మకి ముప్పయ్యేళ్ళుగా పచ్చి చింతకాయ నిషేధం.

అంతలో గురవయ్య గొంతులో గడ్డ క్యాన్సరని తేలింది. గుంటూరు ఆసుపత్రిలో ముప్పై మూడు సార్లు కిరణాలు పెట్టాలన్నారు. ఆయన గడ్డ గురించి ఒక్క ముక్క అడగలేదు. జేబులోంచి నన్ను తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"నోట్లో తడి ఉంటదా అమ్మా? అది ఎండితే నేనెందుకూ పనికిరాను."

"వీలైనంత కాపాడతాం," అంది డాక్టరమ్మ. "ఒక పక్క లాలాజల గ్రంథి మీద కిరణాలు తక్కువ పడేలా చూస్తాం. మీరు గుక్కగుక్కగా నీళ్ళు తాగుతూ ఉండండి. పులుపు మాత్రం తినకండి."

తినొద్దన్నది ఆయన్ని, పేరమ్మని కాదుగా! మర్నాడు ఆసుపత్రి వరండాలో ఆయనకెదురుగా బాసింపట్టు వేసుకుని, చింతకాయ ఉప్పుకారంలో అద్ది, లొట్టలేస్తూ కొరికింది.

"నా ఎదురుగా తినమాకే."

"నువ్వు తినమాక. నేను తింటా, నువ్వు సూడు. ముప్పయ్యేళ్ళ ఆశ నాది."

బెంచీల మీది వాళ్ళంతా గుటకలు మింగారు. తిట్టడానికొచ్చిన నర్సు ఒక కాయ అడిగి పట్టుకెళ్ళింది.

"దీంతో నయమవుతుందని నేను చెప్పలేను," అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ. "మానమనీ చెప్పను."

అయినా మూడో వారానికి ఆయన నోరు ఎండిపోయింది. నీళ్ళసీసా చంకన పెట్టుకు తిరిగాడు. పేరమ్మ పళ్ళు పులిసి అన్నం నమల్లేకపోయింది, కానీ చింతకాయ మానలేదు. వాయిస్తే మా పీకల ఆయుష్షు కొద్ది నెలలే. ఆయన వాయించక నేను బతికిపోతున్నాను, ఆ బతుకు మీద నాకు అసహ్యం వేసింది.

కిరణాలు ముగిసిన ఐదు నెలలకి ఒక ఉదయం నన్ను బుగ్గన పెట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఆ కాపాడిన పక్కనుంచి సన్నగా తడి వచ్చింది. ఊదాడు. పలికాను! గుక్కెడు నీళ్ళు తాగి బిలహరి రాగం అందుకున్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. మూడో వరసకి ఆనందం పట్టలేక నిలువునా చీలాను.

గురవయ్య నన్ను వెలుగులో పెట్టి చూశాడు.

"పేరమ్మా, ఇది పోయింది. కొత్త పీక తే."

కొత్తది అడిగాడు, విన్నారా! చీలినందుకు ఏడ్చే పీకలుంటే ఉండనివ్వండి, నేను మాత్రం ఏడవలేదు. ఇప్పుడు రేకు డబ్బాలో హాయిగా పడున్నాను. పక్కగదిలో ఆయన ఆ కొత్తదాన్ని తిట్టుకుంటూ వాయిస్తున్నాడు.