అడుగు కొలొమాది

జెరోని గోడ పేరుస్తున్నాడు. సున్నం లేదు, మట్టి లేదు, రాయికి రాయే ఆసరా. కొండవాలు ఆలివ్ తోటలకి గోడలు కట్టీ కట్టీ అతని వేళ్లు మొద్దుబారాయి. ఇవాళ చేతులు రాళ్ల మీదున్నా మనసు సాయంత్రం జంటలుగా ఆడే బొలేరో నాట్యం మీదే ఉంది.

బొలేరోలో అడుగు ఆడదానిది. ఆమె ఎటు కదిలితే మగవాడూ అటే. కుర్రతనం నుంచీ జెరోని చూసింది కొలొమా పాదాలనే. పెళ్లి ఆమె వేరొకణ్ణి చేసుకుంది, ఇతను అసలు చేసుకోలేదు. ఆట మాత్రం ఇద్దరిదీ. సొంతంగా ఒక్క అడుగూ అతనికి రాదు.

ఈ మధ్య ఆ అడుగులు అంతు పట్టడం లేదు. మరిచిపోతోందా, కొత్తగా ఏమైనా కడుతోందా? అడగడానికి నోరు రాలేదు. జట్టు నడిపే ఆంతొనీన నిన్ననే చెప్పేసింది.

"ఇంకోసారి తడబడితే కొలొమా అవ్వని మాన్పించేస్తా తాతా."

"తడబడింది నేనమ్మా. మోకాళ్లు!"

"నిజంగా?"

"మరి అబద్ధమా!"

సాయంత్రం చర్చి ముందు గిటారు పాట అందుకుంది, వేళ్లకి దారంతో కట్టుకున్న చిడతలు మోగాయి. అందరూ కుడికి తిరిగితే కొలొమా ఎడమకి తిరిగింది. జెరోని తికమకపడ్డాడు. జట్టుతో పోవాలా, ఆమెతోనా? ఎటూ తోచక పక్క జంట మీదికి కావాలనే తూలాడు. జనం గొల్లుమన్నారు.

"ఏం తాతా, ఆడుతున్నావా, గోడ కడుతున్నావా?"

"కళ్లు పెట్టుకుని ఆడవయ్యా, నా పరువు తీస్తున్నావు!" అని కొలొమా కసిరింది.

హమ్మయ్య, తిట్టింది! అతనికి ప్రాణం లేచొచ్చింది.

పాట ఠక్కున ఆగినప్పుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలిచిపోవడం బొలేరో పద్ధతి. పాట ఇంకా సాగుతుండగానే కొలొమా అలా నిలిచిపోయింది. ఎందుకో తెలియకపోయినా జెరోనీ నిలిచాడు.

"కూర్చుంటానయ్యా," అంది.

చర్చి మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఆమె చిడతలు తీసి పక్కన పెట్టింది.

"తడబడింది నువ్వు కాదు కదూ?"

"నేనే."

"అబద్ధాలకోరువి," అంటూ అతని భుజం మీద తల వాల్చింది.

తర్వాతి పాట మొదలైంది. "లే, కొలొమా, పిలుస్తున్నారు," అన్నాడు. లేవలేదు. మళ్లీ పిలిచాడు. ఆంతొనీన పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకు చూసి ఏడ్చేసింది. ఎందుకేడుస్తోందో అతనికి చాలాసేపు బోధపడలేదు.

కొలొమాని ఇంటికి మోసుకుపోయారు. జెరోని లేచి నిలబడ్డాడు గానీ ఏ కాలు ముందు వెయ్యాలో తెలియలేదు. మెట్టు మీద ఆమె చిడతలు అలాగే ఉన్నాయి, వాటి ఎర్రదారం ముడి ఇంకా ఆమె వేలంత గుండ్రంగా.