పటంలో కింది వైపు

జూరా పద్నాలుగో నంబరు ఇంటికి పెద్ద అయింది. ఇంకెవరూ ఒప్పుకోకపోతే ఆ పని ఆమె మెడకు చుట్టుకుంది. ఐదంతస్తుల పాత ఇల్లు, అరవై వాటాలు. మెట్ల దగ్గర బల్బు పోయినా, నేలమాళిగలోకి నీళ్లొచ్చినా అందరూ ఆమె తలుపే తట్టేవారు. కుట్టుపని ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి మానేసిన మనిషి, చేతులు ముడుచుకుని కూర్చోలేక సరేనంది.

మార్చి నెలలో జిల్లా కార్యాలయం నుంచి కబురొచ్చింది. మీ పద్నాలుగు, పదహారు నంబర్ల ఇళ్ల పక్కన తొమ్మిదంతస్తుల భవనానికి దరఖాస్తు వచ్చింది, పటం చూసుకుని మీ వాళ్ల అభిప్రాయం సంతకాలతో సహా తెచ్చివ్వండి, ఆ తర్వాత సభ పెడతాం అని. జూరా కళ్లద్దాలు తుడుచుకుని వెళ్లింది.

అక్కడ కట్టేవాళ్ల తరఫున మెరిమ్ అనే అమ్మాయి ఉంది. పటాలు గీసే ఇంజనీరు. బల్ల నిండా ఒక పెద్ద కాగితం పరిచింది. దాని మీద రెండు పొడుగాటి పెట్టెలు, చుట్టూ చీమల బారుల్లాంటి గీతలు, ఇంటి నంబర్లు ఉండాల్సిన చోట పదేసి అంకెల పొడుగు సంఖ్యలు.

"ఇవి రెండూ మీ ఇళ్లు ఎజె. కొత్తది ఇదిగో, కింది వైపు వస్తుంది," అంటూ మెరిమ్, అక్కడి అలవాటుగా ఆమెను ఎజె, అంటే అక్కా, అని పిలుస్తూ, పెన్ను మొనతో అడుగున ఉన్న గళ్ల పెట్టెను చూపించింది.

"కింది వైపేగా?"

"కింది వైపే."

బిష్కెక్‌లో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు, పైన అంటే కొండలు, కింద అంటే పెద్ద బజారు. కొండల వైపు ఉన్నది పద్నాలుగో నంబరు. దానికి దిగువన, ఉమ్మడి పెరటికి అవతల, పదహారో నంబరు. దాని వెనకాల పాడుబడిన బాయిలర్ గది ఉంది. ఇంకేం, అక్కడ కడతారన్నమాట. కూలిపోయిన గోడలు, ఎలుకలు, చెత్త అన్నీ పోతాయి. పైగా పెరట్లో పిల్లలకు ఉయ్యాలలు వేయిస్తామని, కొత్త మురుగు గొట్టం వేస్తామని కూడా రాసిచ్చారు. జూరా ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద తన చేత్తోనే రాసింది: "కింది వైపు, పాత బాయిలర్ గది స్థలంలో భవనం కట్టడానికి మాకు అభ్యంతరం లేదు." రెండు రోజుల్లో నలభై ఏడు సంతకాలయ్యాయి. తన భర్త ఇషెన్‌బాయ్ చేత కూడా పెట్టించింది. కాలికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి అతను పొద్దస్తమానం కొండలు కనిపించే కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

"సోనున్‌కి చెప్పావా?" అని అడిగాడు అతను, సంతకం పెడుతూ.

చెప్పలేదు. సోనున్ పదహారో నంబరు ఇంటికి పెద్ద. ఇద్దరూ ఫ్యాక్టరీలో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ముప్పై ఏళ్లు కుట్టారు, ఒకే ఏడు ఈ ఇళ్లలోకి వచ్చారు. చెప్పడానికి జూరా ఆ సాయంత్రమే బోర్సోక్ పిండి ముక్కలు వేయించి గిన్నెలో పెట్టుకుని వెళ్లింది. కానీ సంతకాల సంగతి ఆమెకంటే ముందే వెళ్లింది.

సోనున్ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఏమే జూరా, నా కిటికీ ముందు తొమ్మిదంతస్తులు లేపుతారట, నువ్వు సంతకాలు పోగు చేశావట?"

"కిటికీ ముందు కాదే, వెనకాల. బాయిలర్ గది దగ్గర."

"నా వంటగది కిటికీ ఎటుందో మర్చిపోయావా? ముప్పై ఏళ్లు ఆ కిటికీ పక్కన కూర్చుని నా చేతి టీ తాగావు!"

"నిబంధనల ప్రకారమే కడతారంటున్నారు..."

"నీ ఇంటి ముందు కడితే అప్పుడు చెప్పు నాకు నిబంధనలు. ఆ గిన్నె పట్టుకుపో. మీ ఉయ్యాలల్లో పిల్లలకి పెట్టుకో."

తలుపు మూసుకుంది. ఆ తర్వాత నెల రోజులు ఇద్దరి మధ్యా మాట లేదు. పదహారో నంబరు వాళ్లు పెరటి గోడ మీద "మా వెలుతురు మాకు కావాలి" అని ఎర్ర రంగుతో రాశారు. పద్నాలుగో నంబరులో టాక్సీ నడిపే సమత్ దాని కింద "ఎలుకలు కూడా కావాలి" అని రాసి జూరా చేత చీవాట్లు తిన్నాడు. బట్టలు ఆరేసుకోవడానికి వెళ్తే అటు వాళ్లు ఇటు చూసేవారు కాదు. తను చేసింది తప్పా ఒప్పా జూరాకు అంతుపట్టలేదు. ఒకరోజు మురుగు గొట్టం గురించి ఆలోచిస్తే ఒప్పనిపించేది. మర్నాడు సోనున్ తల దించుకుని పక్కనుంచి వెళ్లిపోతే తప్పనిపించేది.

ఏప్రిల్ రెండో శనివారం మధ్యాహ్నం స్కూలు వ్యాయామశాలలో సభ పెట్టారు. రెండిళ్ల వాళ్లూ బెంచీల మీద చెరోవైపు కూర్చున్నారు, పెళ్లిలో ఇరువైపుల చుట్టాల్లా. అధ్యక్షుడు ఇంకా రాలేదు. గోడకు పటాన్ని పెద్దది చేసి అంటించారు. చేసేదేమీ లేక జూరా దాని ముందు నిలబడింది.

నీలం రంగులో ఒక సన్నటి గీత ఆమె కంటబడింది. వీధి పక్కన పారే నీటి కాలువ. దాని మీద బాణం గుర్తు వేసి, నీరు పారే దిక్కు అని రాశారు. బాణం కాగితం పై అంచుకేసి చూపిస్తోంది.

జూరా నవ్వుకుంది. పిల్ల ఇంజనీర్లు, కాలువని కొండెక్కించారు! ఆ కాలువలో నీళ్లు కొండల్లో మంచు కరిగి బజారు వైపు దిగుతాయి. తన పిల్లల కాగితం పడవలు అటే పోయాయి, ఎన్నడూ ఇటు రాలేదు. మెరిమ్‌ని పిలిచి చెప్పింది.

"అమ్మాయ్, బాణం తిరగబడింది చూడు."

మెరిమ్ చూసింది. "లేదు ఎజె, సరిగ్గానే ఉంది. ఇటు ఉత్తరం కదా."

"ఎటు?"

"పైన. పటంలో ఎప్పుడూ పైన ఉత్తరమే ఉంటుంది."

"ఉత్తరం పైనెలా ఉంటుందే? పైన కొండలుంటాయి. కొండలు దక్షిణం."

"కొండలు ఇక్కడ కింద ఉంటాయి ఎజె, కాగితానికి బయట."

జూరాకు తల తిరిగింది. కొండలు కింద ఉండడమేమిటి? వ్యాయామశాల బయటికి వచ్చి మెట్ల మీద నిలబడింది. ఎదురుగా కొండలు ఉండాల్సిన చోటే ఉన్నాయి, మంచుతో తెల్లగా. వాటికి ముఖం పెట్టి, చేతుల్లో కాగితం పట్టుకున్నట్టు ఊహించుకుని, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. మళ్లీ ఇటు తిరిగింది. మెట్లెక్కుతున్న పదహారో నంబరు ముసలాయన ఆమెకేసి వింతగా చూస్తూ పోయాడు. కాగితం అడుగున కొండలుంటే, అడుగు పెట్టె పక్కనున్న ఇల్లు కొండల వైపు ఇల్లవుతుంది. అంటే పద్నాలుగు. గళ్ల పెట్టె దానికి అవతల, జర్దాలు పళ్ల చెట్లూ, రేకు గరాజులూ ఉన్న చోట. ఇషెన్‌బాయ్ కిటికీకి ఎదురుగా.

మూడుసార్లు లెక్క చూసుకుంది. మూడుసార్లూ భవనం వచ్చి ఆ కిటికీ ముందే నిలబడింది.

లోపల సభ మొదలైంది. అధ్యక్షుడు, జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన లావుపాటి పెద్దమనిషి, పద్నాలుగో నంబరు సమ్మతి తెలిపిందని, పదహారో నంబరు వ్యతిరేకించిందని చదివాడు. సోనున్ లేచింది. చేతిలో రాసుకొచ్చిన కాగితం ఉంది.

"మా ఇంట్లో తొంభై ఏళ్ల ముసలివాళ్లున్నారు. వాళ్లకి మిగిలిందల్లా కిటికీలోంచి వచ్చే వెలుతురు. దాన్ని కూడా పక్కింటివాళ్లు సంతకాలు పెట్టి ఇచ్చేశారు. నేను ఎవరి పేరూ ఎత్తను. ఎత్తక్కర్లేదు."

జూరా వెనక గోడ దగ్గర నిలబడి వింది. నోరు మూసుకుంటే ఏమవుతుంది? తన వాళ్ల నెత్తిన తన చేత్తోనే తొమ్మిదంతస్తులు పెట్టినట్టవుతుంది. నోరు విప్పితే? తన ఇంటి మీదికి వచ్చేసరికి లేచిందంటారు. ఆ మాట అబద్ధమని తనైనా చెప్పగలదా? ఆమెకే తెలియలేదు. తెలియకుండానే ముందుకు నడిచి బల్ల దగ్గర నిలబడి ఉంది.

"అయ్యా, నేను పటం తప్పు చదివాను."

"ఏ పటం?" అన్నాడు అధ్యక్షుడు.

"ఈ పటమే. కింద అంటే కింద అనుకున్నాను. ఆ అమ్మాయి కింద అంటే పైన అని నాకు తెలీదు."

వ్యాయామశాలంతా నవ్వింది. అధ్యక్షుడు నవ్వలేదు. "మీరు సమ్మతిస్తున్నారా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి ఎజె."

"బాయిలర్ గది దగ్గరైతే సమ్మతించాను. కానీ అక్కడ కట్టడం లేదు. గరాజుల దగ్గర కడుతున్నారు, మా ఇంటి ముందు. సోనున్ వాళ్ల ఇంటికి ఏమీ రావడం లేదు."

నవ్వు ఆగిపోయింది. సమత్ బెంచీ మీదెక్కి నిలబడ్డాడు. "ఎజె, ఏమంటున్నావు? మా ఇంటి ముందా? నువ్వే కదా ఇంటింటికీ తిరిగి మాచేత పెట్టించావు!"

"నేనే పెట్టించాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నాకూ తెలియడం లేదు, సమత్. దిగు, పడతావు."

అటు పదహారో నంబరు బెంచీల్లో గుసగుసలు లేచాయి. ఇందాకటి ముసలాయన అందరికీ వినబడేలా అన్నాడు, "అయితే మనకొచ్చిన ఇబ్బందేంటి? కట్టుకోమనండి." కొందరు తలలూపారు. ఎర్ర రంగుతో గోడ మీద రాసినావిడ కూడా ఊపింది. సోనున్ ఇంకా నిలబడే ఉంది, చేతిలో కాగితంతో. కాగితంకేసి చూసింది, పటంకేసి చూసింది, జూరాకేసి చూసింది. కూర్చుంది.

అధ్యక్షుడు సంతకాల కాగితం తెప్పించి చదివాడు. "పాత బాయిలర్ గది స్థలంలో, అని రాసుంది. బాయిలర్ గది ఎక్కడుందమ్మా పటంలో?"

మెరిమ్ వెతికింది. "మా పటంలో అది లేదండీ. కూల్చేసిందిగా లెక్కలో ఉంది."

"ఎవరూ కూల్చలేదు, నిన్న కూడా చూశాను," అంది ఎవరో ముసలామె.

"అంటే ఈ నలభై ఏడుగురూ పటంలో లేని చోట, ఎవరూ కట్టని భవనానికి సమ్మతించారు," అని అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి నుదురు రుద్దుకున్నాడు. "వ్యతిరేకించినవాళ్లు కూడా దాన్నే వ్యతిరేకించారు. నేనిప్పుడు ఏం రాసుకోవాలి?"

ఏదీ రాసుకోలేదు. నెల తర్వాత మళ్లీ సభ అన్నాడు. ఈలోగా భవనం మూలలు నాలుగూ నేల మీద మేకులు కొట్టి, తాడు కట్టి, కాగితం చదవలేనివాళ్లకు కూడా కనబడేలా చూపించాలన్నాడు.

బుధవారం మనుషులొచ్చి మేకులు కొట్టారు. తాడు లోపల ఆరు జర్దాలు చెట్లు పడ్డాయి, అన్నీ పూత మీద ఉన్నవే. ఒక మూల పద్నాలుగో నంబరు గోడకు ఎంత దగ్గరగా వచ్చిందంటే, సమత్ అడుగులు వేసి కొలిచి, నమ్మక, మళ్లీ కొలిచాడు. ఆ వారమంతా పద్నాలుగో నంబరువాళ్లు జూరాను చూసి పలకరించలేదు. పెద్దరికం నుంచి తీసేద్దామని మెట్ల మీద చిన్న సమావేశం కూడా పెట్టారు. ఆ పని ఎవరు చేస్తారన్న దగ్గర అందరూ వాళ్ల వాళ్ల చెప్పుల కేసి చూసుకుని లోపలికి వెళ్లిపోయారు.

తాడు పక్కన ఒంటరిగా నిలబడ్డ జూరా దగ్గరికి సోనున్ వచ్చింది. నెల తర్వాత మొదటిసారి.

"ఇదా?" అంది.

"ఇదే."

"నెల రోజులు నిద్రపోలేదే నేను. లేవని గోడకి ఏడ్చాను."

"నా తప్పే సోనున్."

"తప్పు సంగతి తర్వాత. ఒకటి చెప్పు. ఇది నీ ఇంటి ముందని తెలియకపోతే, ఆ రోజు లేచేదానివా?"

లేచేదాన్నంటే సోనున్ నమ్మదు, లేచేదాన్ని కాదంటే తనకే నమ్మబుద్ధి కాదు.

"తెలీదు," అంది జూరా.

"మావాళ్లు ఇప్పుడు హాయిగా ఉన్నారు. ఉయ్యాలలు ఎప్పుడు వేస్తారని అడుగుతున్నారు. అచ్చం నీలాగే." సోనున్ తాడు దాటకుండా చుట్టూ తిరిగి తన ఇంటికి వెళ్లిపోయింది.

రెండో సభలో చేతులెత్తమన్నారు. జూరా ముందు వరసలో కూర్చుని వ్యతిరేకంగా చెయ్యెత్తింది. వెనక ఎవరెవరు ఎత్తారో తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. లెక్కపెట్టి, వ్యతిరేకం నూట రెండు అన్నారు. పద్నాలుగో నంబరు నుంచి వచ్చినవాళ్లు ఎనభై లోపే. మిగతావాళ్లు పదహారు వాళ్లే అయ్యుండాలి, కానీ ఎవరు? గోడకి మరీ దగ్గరగా ఉందని తాడు కూడా చెబుతోంది కాబట్టి అధ్యక్షుడు దరఖాస్తు వెనక్కి పంపాడు. మార్చుకుని మళ్లీ తెచ్చుకోవచ్చన్నాడు. మెరిమ్ పటం చుట్టుకుంటూ, "ఈసారి కొండలు కూడా గీస్తాను ఎజె," అంది.

ఇంటికెళ్లేసరికి ఇషెన్‌బాయ్ కిటికీ దగ్గరే ఉన్నాడు. "సోనున్ చెయ్యెత్తిందా?"

"తెలీదు."

"అడగొచ్చుగా?"

అడుగుదామనే మర్నాడు పొద్దున పెరట్లోకి దిగింది. సోనున్ ఒక్కతీ పెద్ద తివాచీని ఇనప కమ్మీ మీద వేయలేక అవస్థ పడుతోంది. జూరాను చూసి తివాచీ రెండో అంచు ఆమె వైపు విసిరింది. ఇద్దరూ కలిసి కమ్మీ మీదికి ఎత్తారు. జూరా అంచు పట్టుకుంది, సోనున్ కర్రతో కొట్టడం మొదలుపెట్టింది. శీతాకాలమంతటి దుమ్ము లేచి ఇద్దరి కళ్లల్లోనూ పడింది.

"సోనున్, నిన్న నువ్వు..."

"గట్టిగా పట్టుకో, జారుతోంది," అంది సోనున్.

జూరా గట్టిగా పట్టుకుంది.