ఎర్ర బండా, తెల్ల బండా

మా పికప్ ఇంజన్ వణుకుతోందని మొదట అన్నది నేనే. ఆ మాట నోట్లోనే ఉంచుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

బోధన్‌లో బిల్కిస్ బేగం గారి బండి పంతొమ్మిదేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఆమె భర్త పోయాక కూడా ఆ కిరాయి పని నిలబడిందంటే సగం ఆమె మొండితనం, సగం నా డ్రైవింగ్. ఇది నేననే మాట, ఆమెనడిగితే ఏమంటుందో తెలియదు. రుద్రూర్ వైపు నుంచి విత్తనపు చెరుకు, కమ్మర్‌పల్లి నుంచి నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు బస్తాలు, ఏది దొరికితే అది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు తగ్గినా బండి మాత్రం ఖాళీగా ఉండలేదు.

దసరా వెళ్లిన తర్వాత ఒకరోజు గేరు రాడ్ మీద నా ఎడమ చెయ్యి అదరడం చూశాను. డీజిల్ బండిలో గేరు రాడ్ అదరక మరేం చేస్తుంది? కానీ ఇది రోజూ ఉండే అదురు కాదనిపించింది. మెకానిక్ ముష్తాక్ షెడ్డుకు తీసుకెళ్లి ఇంజన్ కింది రబ్బర్లు మార్పించాను. పది రోజులు బాగానే ఉన్నట్టుంది. మళ్లీ మొదలైంది, మళ్లీ మార్పించాను. మూడోసారి వెళితే ముష్తాక్ పానా కింద పడేశాడు.

"రబ్బర్లు కొత్తవే ఉన్నయ్, దేవన్నా. ఇంజన్‌ల ఏం లేదు. ఉంటే నాకు దొరకదా?"

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నవాడికి ఇంత వణుకు కనిపించదా అని దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చి, బేగం గారితో తేల్చి చెప్పేశాను. "ఇంజన్ పనైపోయిందమ్మా. ముష్తాక్ ఏం రబ్బర్లు ఏస్తున్నడో ఏమో, నిలుస్తలేవు. ఇగ అమ్ముడే మంచిది."

ఆమె ఎదురు ప్రశ్న వేయకుండా ఒప్పుకుంది. "అచ్ఛా. అయితే కొత్తది సూడు. రెండు మూడు నడిపి, ఏది మంచిదో నువ్వే చెప్పు. నాకేం ఎరుక?"

ఆ మాటైన వారానికే అనుకుంటాను, ఇంట్లో పొద్దున చాయ్ తాగుతుంటే ఎడమ చేతిలోని సాసర్ మీద కప్పు టకటకలాడింది. మా ఇంట్లో ఇంజనేమీ లేదు. సాసర్ కుడిచేతిలోకి మార్చాను, చప్పుడు ఆగింది. మళ్లీ ఎడమచేతిలోకి మార్చాను. నా భార్య ఈరవ్వ పొయ్యి దగ్గర నుంచి తిరిగి, "చాయ్ తాగుతున్నవా, ఆడుతున్నవా?" అంది. ఆడుతున్నానన్నాను.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే చెయ్యి తొడ కింద, నిలబడితే జేబులో. తిండి మీద ధ్యాస లేదు, మనిషి ఎదురుగా మాట్లాడుతుంటే అతని చూపు ఎటు పోతోందన్నదే నా ధ్యాస. దవాఖానకు పోతే ఏదో పేరు పెడతారు. పేరు పెట్టాక నాకు స్టీరింగ్ ఎవడిస్తాడు? ఇరవై ఏళ్ల వయసు నుంచి ఈ పని తప్ప ఇంకొకటి చేసి ఎరగను. పోనీ బండి అమ్మొద్దని బేగం గారితో అందామా అంటే, అమ్మమన్నది నేనేనాయె.

కాబట్టి కొత్త బండి ఎలాంటిదో నాకు ముందే తెలుసు. బాగా వణికేది కావాలి.

మంగళవారం ఎర్ర బండి వచ్చింది. పెద్ద ఇంజన్, పాత పద్ధతిది. రుద్రూర్ దగ్గర భోజన్న చెరుకుతోటలో టన్నున్నర విత్తనపు చెరుకు వేసి, బురదలోంచి రెండో గేరులో లాగాను. లాగింది, అబద్ధమెందుకు. కానీ లోపల కూర్చుంటే పిండిమరలో ఉన్నట్టుంది. అద్దంలో వెనకాల వచ్చే లారీ ఒకటా రెండా అన్నది తెలియదు. గేరు రాడ్ దానికదే గంతులేస్తోంది. దాని మీద చెయ్యి వేసి చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

పక్కన బేగం గారు నెత్తి మీది కొంగు పట్టుకుని కూర్చుంది. "నా పండ్లు కదుల్తున్నయ్, దేవన్నా."

"గదే దమ్ము అమ్మా. ఎంత ఊగితే గంత గుంజుతది."

ఏ డ్రైవరూ అనని మాట అది. ఎవరైనా విని ఉంటే నవ్విపోయేవారు. ఆమె మాత్రం తల ఊపింది.

గురువారం తెల్ల బండి వచ్చింది. దాంతోపాటు నిజామాబాద్ షోరూం నుంచి వేణు అనే కుర్రవాడు, ఇస్త్రీ చొక్కాతో, ఆగని నోటితో వచ్చాడు. బోధన్‌లోనే పసుపు బస్తాలు నింపుకుని నిజామాబాద్ మార్కెట్‌కు బయలుదేరాం. నేను స్టీరింగ్ దగ్గర, మధ్యలో వేణు, కిటికీ పక్కన బేగం గారు. వేణు బండి గురించి ఏవేవో చెబుతూనే ఉన్నాడు. ఒక్కటీ నా చెవిలో పడలేదు. గేరు రాడ్ రాయిలా నిలబడి ఉంది. గేరు పడగానే చెయ్యి తీసి స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుంటున్నాను, మళ్లీ గేరు మార్చాల్సి వస్తుందేమోనని రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి గేదెనూ తిట్టుకుంటున్నాను.

ఊరు దాటగానే వంకలు పెట్టడం మొదలుపెట్టాను. "పేరుకు పికప్ బండి. దీనికి పికప్పే లేదు గదా?"

వేణు నవ్వాడు. "ఒక్క సెకండ్ ఆగన్నా, టర్బో అందుకుంటది."

అందుకుంది. అంత బరువుతో, మూడో గేరులోనే, కింది గేరు అడగకుండా ఎత్తు ఎక్కేసింది. క్లచ్ తొక్కితే కాలికి తెలియడం లేదు. పదేళ్లుగా సలిపే నా మోకాలు ఆ రోజు ఊరుకుంది. ఇంత మంచి బండి నా చేతికి ఇప్పుడే రావాలా అని ఏడుపొచ్చినంత పనైంది. పైకి మాత్రం, "సెన్సార్ల బండ్లు మనకెందుకమ్మా? ఒక్క సెన్సార్ పోతే నడిరోడ్డు మీద నిలవడతది," అన్నాను.

"మరి ఎర్రదే అంటవా?"

"ఎర్రదే."

"సరే, ఎర్రదే తీస్కుందాం," అంది ఆమె. వేణు ముఖం మాడిపోయింది. నేను గెలిచాను. గెలిచినవాడికి ఉండాల్సిన నెమ్మది మాత్రం లేదు.

ఎడపల్లి దాటాక రైల్వే గేటు పడింది. రోజుకు పట్టుమని పది రైళ్లు పోని లైను, మేం వచ్చినప్పుడే రావాలి. మా పక్కకు ఒక వడ్ల లారీ వచ్చి ఆగి గుడగుడమంటోంది. న్యూట్రల్ చేసి క్లచ్ వదిలాను. ఎండకు, విసుగుకు, చెయ్యి గేరు రాడ్ మీదే ఉండిపోయిన సంగతి మరిచాను. బేగం గారు వేణు మీదుగా వంగి చూసేదాకా గుర్తుకు రాలేదు. రాడ్ పట్టుకున్న నా వేళ్లు అదురుతున్నాయి.

చెయ్యి తీస్తే అనుమానం వస్తుందనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది. తీయకుండా, రాడ్‌ను ఇంకా గట్టిగా పట్టుకుని, "సూసిండ్రా అమ్మా? కొత్త బండే, గిది గూడ ఎట్ల వణుకుతుందో. ఆగినప్పుడు తెలుస్తది ఇంజన్ సంగతి," అన్నాను.

వేణుకు రోషం వచ్చింది. "ఇంజన్ ఏడుందన్నా? బందయింది గదా. ఆగినప్పుడు డీజిల్ మిగలాలని అదే బందయితది, క్లచ్ తొక్కితే అదే షురూ అయితది. బోధన్లనే చెప్పిన నీకు."

లారీ డ్రైవర్ కూడా అప్పుడే ఇంజన్ ఆపాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ముగ్గురం నా చేతిని చూస్తున్నాం. అది ఆగడం లేదు.

వేణు చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. అది మోగలేదు. అయినా చెవికి పెట్టుకుని, బేగం గారిని కాస్త దారి అడిగి కిందికి దిగి, గేటు దాకా నడిచి వెళ్లాడు. మంచి పిల్లవాడు. ఆమె మళ్లీ ఎక్కి తలుపు వేసుకుంది.

"ఎప్పటి సంది?"

"దసరా సంది. గప్పుడు నాకు గూడ తెల్వదమ్మా. నిజంగ ఇంజనే అనుకున్న."

"తెలిసినంక?"

నేను చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నాను.

"చెయ్యి వణుకుతుందంటే దవాఖానకు తీస్కపోతుంటి గదా. నువ్వు తీస్కపోయి ఇంజన్ మీద పెట్టినవ్." ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మొన్న ముష్తాక్ షెడ్డుకు పోయిన. నకిలీ రబ్బర్లు ఏస్తున్నవని పది మంది ముందట తిట్టిన. ఆయన ఒక్క మాట అనలే. తల కిందికేస్కొని నిలవడ్డడు."

ఆ సంగతి నాకు తెలియదు. చెయ్యి పోతే పోయింది, ముష్తాక్ అలా నిలబడి ఉండటం ఊహించుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. కప్పు టకటకలాడిన రోజే వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

రైలు పోయింది. గేటు లేచింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. నేను క్లచ్ తొక్కలేదు. తలుపు తీసి కిందికి దిగి, వేణును స్టీరింగ్ దగ్గరికి రమ్మని పిలిచి, చుట్టూ తిరిగి ఆమె వైపు వచ్చాను. ఆమె మధ్యకు జరగలేదు. కిటికీలోంచి నన్నే చూస్తోంది.

"గిప్పుడు చెప్పు. ఏ బండి మంచిది?"

"తెల్లది. గుంజుడు గూడ దీనిదే ఎక్కువ. ఎవలు నడిపినా ఒళ్లు నొయ్యదు."

"నిజమేనా?"

ఈ పంతొమ్మిదేళ్లలో నేను ఒక మాట చెప్పాక ఆమె అలా అడగడం అదే మొదటిసారి.