తారామణి పేరుకు ఆగిన ఎక్కిళ్ళు

నా ఎక్కిళ్ళకు పక్క మెషిన్ల వాళ్ళు పని మానేసి నవ్వుతున్నారని, నాచారం ప్లాస్టిక్ కంపెనీలో సూపర్‌వైజర్ నన్ను ఇంటికి పంపేశాడు. రెండు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు. డాక్టర్ గోలీలు రాశాడు. మింగిన అరగంటకు తగ్గుతాయన్నాడు. ఒకటి మింగి, ఉప్పల్‌లో మా ఇంట్లో మంచం మీద కూలబడ్డాను.

మా అమ్మ శ్యామలమ్మకు గోలీల మీద నమ్మకం లేదు. ఎవరో తలుచుకుంటేనే ఎక్కిళ్ళొస్తాయి, వాళ్ళ పేరు చెప్పగానే ఆగుతాయి, అంతే.

"ఎవలో యాది జేస్తున్రు బిడ్డా," అంటూ మేనమామలతో మొదలుపెట్టింది. చుట్టాల పేర్లయ్యాయి, లాలాపేట్‌లో పాత ఇంటి ఓనరు పేరయింది, పోయినవాళ్ళను కూడా వదల్లేదు. చివరికి, "చెంగిచెర్ల తారామణి," అంది.

ఎక్కిళ్ళు టక్కున ఆగాయి.

తారామణి నాకు మొదట చూసిన సంబంధం. కుదరలేదు. నా భార్య రాణి బియ్యం చేట పక్కన పెట్టింది.

"ఇంకా నిన్ను యాది జేస్తున్నదా?"

"గోలీ పనిజేసిందే! అరగంట అన్నడు గద డాక్టరు."

"మరి సరిగ్గ ఆమె పేరు కాడనే ఎందుకాగినయ్?"

దీనికి ఏ డాక్టరూ జవాబు చెప్పలేడు. రాణి అన్నమైతే పెట్టింది గానీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే నాకు ముద్ద దిగదు.

మర్నాడు ఎక్కిళ్ళు మళ్ళీ వచ్చాయి. అంత సంతోషంగా ఎక్కిళ్ళు పెట్టినవాడు హైదరాబాద్‌లో ఇంకొకడుండడు. సాయంత్రం కరెంటు పోగానే, ఎవరూ చూడకుండా ఫ్రిజ్ మీద తడిమి గోలీ మింగాను. సెల్‌ఫోన్‌లో టైం చూసుకుంటూ అరగంట ఓపికపట్టి రాణిని పిలిచాను.

"అందరి పేర్లు జెప్పిన్రు గని, నీ పేరు ఎవలన్న జెప్పిన్రా? జర జెప్పి సూడు."

మూతి ముడుచుకునే, "రాణి," అంది.

ఆగిపోయాయి! రాణి ముఖం విచ్చుకుంది. "నిన్నటి సంది నిన్నే యాది జేస్తున్న మరి," అంది మెల్లగా. నా ప్రాణం లేచొచ్చింది.

కరెంటొచ్చింది. రాణి ఫ్రిజ్ దగ్గరికెళ్ళింది. "ఇదేంది, నా కాల్షియం గోలీల పట్టీ ఎవలు చింపిన్రు? నీ ఎక్కిళ్ళ గోలీలు నిన్న ఎట్లున్నయో గట్లనే ఉన్నయ్!"

నాకు ఆనందం ఆగలేదు. "సూసినవా! చీకట్ల నేను మింగింది నీ కాల్షియం గోలీ! అంటే ఎక్కిళ్ళు ఆపింది మందు కాదు, నీ పేరే!"

రాణి నవ్వబోయి ఆగింది.

"అయితే నిన్న ఆపింది గూడ మందు కాదన్నట్టు."