అయూబ్ లేని దోహా కచేరీ

పర్చూరు ప్రసన్నకుమార్ పాప్ పాటల కోసం ఒకప్పుడు కుర్రకారు క్యాసెట్ కొట్ల ముందు బారులు తీరేవాళ్లు. అరవై దాటాక అతనికి మొదటిసారి విదేశాల నుంచి పిలుపొచ్చింది. దోహా, బహ్రెయిన్, కువైట్‌లలో కచేరీలు.

డోలక్ వాయించే అయూబ్ పక్కన లేకుండా అతను ఎన్నడూ స్టేజీ ఎక్కలేదు. కానీ కచేరీలు తగ్గిపోయాక అయూబ్ మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ పనికి కుదిరాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. వీసా కోసం తీసిన ఎక్స్‌రే చూసి కుదరదన్నారు.

"నువ్వు రాకపోతే నేనూ మానేస్తాన్రా," అన్నాడు ప్రసన్నకుమార్.

అయూబ్ దగ్గు ఆపుకుంటూ కసిరాడు. "నోరు మూసుకుని వెళ్లరా. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇంట్లో కూర్చోడానికా?"

వెళ్లాడు. డోలక్ బదులు కంప్యూటర్లో తాళం పెట్టారు. దోహాలో జనం ఊగిపోయారు. పాట మధ్యలో అతనికి ఊపిరందక చరణం తెగింది, ఈలల హోరులో ఎవరూ పట్టించుకోలేదు.

బహ్రెయిన్‌లో స్టేజీ ఎక్కబోతుండగా అయూబ్ భార్య జానీబీ ఫోన్ చేసింది.

"పొద్దున పోయాడన్నా. మట్టి చేసేశారు."

నిర్వాహకుడు చైతన్యకృష్ణ చేతులు పట్టుకున్నాడు. "హాలు నిండిపోయిందండీ. ఈ ఒక్కటీ కానిచ్చేయండి."

ప్రసన్నకుమార్ పాడాడు. జనం కేరింతలు కొడితే అలవాటుగా నవ్వాడు కూడా. రూముకొచ్చాక ఆ నవ్వు తలుచుకుని వాంతి చేసుకున్నాడు. కువైట్ మానుకుని మర్నాడే విమానమెక్కాడు.

మార్టూరులో జానీబీ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"దోహా పాట ఫోన్లో చూశాడన్నా, ఆక్సిజన్ పెట్టుకునే. నా చోట ఎవరే వాయించేదని అడిగాడు."

"ఏం చెప్పావమ్మా?"

"'నీ పాత డోలక్ రికార్డింగే పెట్టారు' అని చెప్పా. మెషీనంటే ఏడుస్తాడని. 'అయితే తప్పు నాదే, ఇంకాస్త మెల్లగా కొట్టాల్సింది, వాడికి ఊపిరందట్లేదు' అన్నాడు."

అతను దారి అడిగి ఖబరస్తాన్‌కి నడిచాడు. వేపాకుల మీద తెల్లగా రాతిదుమ్ము. పక్కనే పాలిషింగ్ మెషీన్ల రొద. కొత్త మట్టి ముందు నిలబడి ఏదన్నా పాడదామని నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

ముక్కులకి తువ్వాళ్లు బిగించుకుని పనికి పోతున్నవాళ్లలో ఒకతను గుర్తుపట్టాడు. "సార్, ఒక్క సెల్ఫీ."

ప్రసన్నకుమార్ తల అడ్డంగా ఊపి, అక్కడే నేలమీద కూలబడ్డాడు.