ఎర్ర అక్షరాలు

ఉల్లిపాయ రెండో సగాన్ని బల్ల మీద బోర్లించి, పాస్టరు ప్రసంగాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"ప్రియమైన సంఘమా, బాధ అనేది దేవుడు మనకిచ్చే..."

కత్తి టకటకా నడుస్తోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఉల్లిపాయల వల్లే. మనిషి సన్నగా, పొడుగ్గా, గాలికి వంగిన గడకర్రలా ఉంటాడు. కాలరు చిరిగినచోట దారం రంగు కలవలేదు. భార్య పోయాక వేసుకున్న కుట్టు అది, తనే వేసుకున్నాడు.

ఆమె ఉండగా ఈ కత్తి ఆయన చేతికి వచ్చేది కాదు. ఆమె కూరగాయలు తరుగుతుంటే ఆయన గుమ్మానికి ఆనుకుని ఆ వారం ప్రసంగం వినిపించేవాడు. బాగుందని ఆమె ఏనాడూ అనలేదు, బాగా లేదనీ అనలేదు. ఆయన చూడనిది చూసినట్టు, పడని కష్టం పడ్డట్టు ఎక్కడైనా చెబితే కత్తి ఆగేది. తల కూడా ఎత్తేది కాదు. ఆయన నాలుక కరుచుకుని, ఆ ముక్క వదిలేసి ఇంకోటి చెప్పేవాడు. కత్తి మళ్లీ కదిలేది. ఆయన సేవంతా ఆ కత్తి చప్పుడు మీదే నడిచింది.

ఇప్పుడు కత్తి తన చేతిలోనే ఉంది. తన అబద్ధానికి తన చెయ్యి ఆగడం లేదు.

"బావా! టాబ్ ఛార్జింగ్ పెట్టావా?"

బావమరిది బూట్లతోనే వంటగదిలోకి వచ్చాడు. గుండ్రటి మనిషి. సెంటు వాసన అతనికంటే ముందు వచ్చి, అతను వెళ్లాక కూడా కూర్చునే రకం. సంఘానికి కార్యదర్శి.

"పెట్టాను."

"చదువుకున్నావా?"

"చదివాను."

"ఎర్ర అక్షరాలు పైకి చదవకూడదు. గుర్తుందిగా?"

పాస్టరు ఇంకో ఉల్లిపాయ అందుకున్నాడు. పోయిన వారం సంగతి గుర్తుంది. ఆయన బైబిల్లో ప్రభువు పలికిన మాటలు ఎర్ర సిరాలో ఉంటాయి. ఎరుపు కనిపిస్తే గొంతు ఎత్తి చదవడం చిన్నప్పటి నుంచి అలవాటు. టాబ్ రాసిచ్చే ప్రసంగంలో ఎర్రగా ఉన్నవి మాత్రం, ఎక్కడ చెయ్యి ఎత్తాలో, ఎక్కడ గొంతు దించాలో చెప్పే సూచనలు. ఆ తేడా తెలియక, "ఇక్కడ గొంతు తగ్గించండి" అని సభ మొత్తానికీ గట్టిగా చదివేశాడు. ముందు బెంచీలో కూర్చునే దర్జీ ముసలమ్మ లేచి, "తగ్గించకండి అయ్యగారూ, నాకసలే వినపడి చావదు" అంది. చర్చి అంతా గొల్లుమంది. ఆయన చెవులు కాలాయి.

తక్కువ సమయంలో ఎక్కువ సేవ ఎలా చెయ్యాలో నేర్పే తరగతికి బావమరిది వెళ్లొచ్చినప్పటి నుంచి ఇదీ వరస. సోమవారం అంశం ఎంచుకోవాలి, మంగళవారం చట్రం గీయాలి, బుధవారం ఉదాహరణలు దించుకోవాలి. ఆ గంటల్లో ఫోను మూగబోవాలి. ఇళ్లకు తిరగడం మానాలి.

"ఇల్లిల్లూ తిరిగితే ఏమొస్తుంది బావా, చెప్పులు అరగడం తప్ప?" అన్నాడప్పుడు. మనుషులకు రోగమొస్తే టాబే పువ్వుల బొమ్మ మీద ప్రార్థన వాక్యం రాసి పంపుతుంది. ఎవరికి పంపిందో తను చూడనక్కర్లేదు కూడా.

ఇవాళ కేంద్ర సంఘం నుంచి పెద్దలు వస్తున్నారు. ఈయన్ని ఉంచడమా, పంపడమా అన్నది ప్రసంగం విని తేలుస్తారు. పంపితే ఉద్యోగంతోపాటు ఈ ఇల్లూ పోతుంది. ఈ వంటగదీ, ఈ గుమ్మమూ పోతాయి.

పాస్టరు తడిచెయ్యి తుడుచుకుని టాబ్ తెర మీద ఒకచోట వేలు పెట్టాడు.

"ఇది ఎవరు రాశారు?"

"ఏదీ? ఓ, అదా! టాబే రాసింది. నీ జీవితంలోంచి ఒక సంఘటన చెప్పమంది. అక్క సంగతి రెండు ముక్కలు చెప్పాను. ఎంత బాగా అల్లిందో చూడు!"

"నువ్వక్కడ లేవు కదరా."

"లేకపోతేనేం బావా? అసలు చూడ్డానికి ఎవరొచ్చారు గనక?"

"అవును," అన్నాడు పాస్టరు. "ఒక్కరు తప్ప ఎవరూ రాలేదు."

"అదే నేననేది. పెద్దల కళ్లు చెమర్చాలంటే ఆ ముక్క చాలు. ఇల్లు నిలబెట్టుకుంటావా, మూట కట్టుకుంటావా? నీ ఇష్టం."

చర్చిలో పాత బెంచీలు వెనక్కి పోయాయి. ముందు వరసలో పెద్దల కోసం మెత్తటి కుర్చీలు వేశారు. దర్జీ ముసలమ్మ మాత్రం తన బెంచీతో సహా ముందే ఉంది. లెమ్మని చెప్పడానికి ఎవరికీ గుండె చాలలేదు. చేతిలో అట్టముక్కతో విసురుకుంటోంది.

"అయ్యగారూ, ఇవాళ నాకు వినపడేలా చెప్పాలి. ముందే చెబుతున్నా."

ఆయన మైకు దగ్గరికి జరిగాడు. టాబ్ మీద అక్షరాలు వాటంతటవే కింది నుంచి పైకి పాకడం మొదలుపెట్టాయి. గట్టిగా చదివాడు. ఎర్రవి వదిలేశాడు. చెయ్యెత్తాల్సిన చోట ఎత్తాడు. పెద్దలు తలలూపారు. వెనక నిలబడ్డ బావమరిది బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"నా భార్య చివరి ఘడియల్లో నొప్పిని మరిచిపోయింది. సంఘమంతటినీ పేరుపేరునా ఆశీర్వదించి, చిరునవ్వుతో..."

దర్జీ ముసలమ్మ చేతిలో అట్టముక్క ఆగింది.

ఆమె తలెత్తలేదు. అప్పట్లో పాస్టరు భార్య మంచం పక్కన కూర్చుని, ఒళ్లు పుండైన మనిషిని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది సంఘం మొత్తంలో ఆమె ఒక్కతే. ఆఖరి మాటలు ఆయనతోపాటు చెవి ఒగ్గి విన్నదీ ఆమే.

పాస్టరు ఆగాడు. అక్షరాలు ఆయన కోసం ఆగలేదు. బావమరిది చేత్తో కానివ్వమని సైగ చేశాడు. ముసలమ్మ చెయ్యి ఇంకా కదల్లేదు.

"ఇది అబద్ధం," అన్నాడు. గొంతు తగ్గించలేదు. "ఆమె నవ్వలేదు. నన్ను తిట్టింది. మిమ్మల్నీ తిట్టింది. మీ దేవుణ్ణి ఒక్క పూట ఈ మంచం మీద పడుకోమనండి అంది. ఈ ముసలమ్మ తప్ప ఒక్కరొచ్చారా? పువ్వుల బొమ్మలు పంపారు. ఆమె సొంత తమ్ముడు కూడా బొమ్మే పంపాడు. మిమ్మల్ని క్షమించానని ఇన్నాళ్లూ ఇక్కడ నిలబడి చెప్పాను. అదీ అబద్ధమే. క్షమించలేదు. క్షమించను."

ఆయన మెట్టు దిగాడు. నడిమి దారిన నడిచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని తొడుక్కున్నాడు. వెనకాల అట్టముక్క మళ్లీ ఊగుతున్న చప్పుడు వినపడింది.

ఇంట్లో బట్టలు ఒక సంచికి సరిపోయాయి. కత్తిని కడిగి, తుడిచి, తువ్వాల్లో చుట్టి మధ్యలో పెట్టుకున్నాడు. తాళంచెవి కిటికీలో పెట్టి బయటికొచ్చేసరికి దర్జీ ముసలమ్మ ఆయాసపడుతూ ఎదురైంది.

"ఎటు అయ్యగారూ?"

"తెలీదమ్మా. ఉల్లిపాయలు తరిగి ఉన్నాయి. ఎండిపోకముందే పట్టుకెళ్లు."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి చూసి, ఉల్లిపాయల కోసం లోపలికి వెళ్లింది.

అవతల చర్చిలో జనం లేచిపోయారు. బావమరిది పెద్దల వెంట వాకిట్లోకి పరుగెత్తాడు. ప్రసంగ పీఠం మీద టాబ్ మాత్రం ప్రసంగాన్ని తనపాటికి తాను చివరిదాకా నడిపించి, ఆమేన్ కింద ఒక్క ఎర్ర వాక్యం దగ్గర నిలిచింది: ఇక్కడ కొద్దిసేపు ఆగి, సంఘాన్ని చూసి ప్రేమగా నవ్వండి.